సున్నా ఎక్కడ

నా సున్నా బోర్డు ఎడమ కింది మూల.
అప్పలకొండ సున్నా పెట్టె నడిబొడ్డు.
అందుకే మొదటిసారి నేను పంపిన ఫైలు తెరిస్తే
పచ్చటి బోర్డు పెట్టెలోంచి బయటపడి
గాలిలో వెల్లకిలా తేలుతోందట.
"మీ పడవ లంగరు తెంపీసుకుంది మేడమ్" అన్నాడు ఫోన్లో.
వెనక ఆటోనగర్ లేతు మిషను అరుస్తోంది.

నేనుండేది ఋషికొండ మీద, మూడో అంతస్తు.
కిటికీ అద్దానికి రోజూ ఉప్పు పేరుకుంటుంది,
రోజూ ఎవరో తుడుస్తారు.
మేం చేస్తున్నది వేటపడవలకి బిగించే చిన్న పెట్టె:
ఒక యాంటెనా, ఒక బ్యాటరీ, ఒక ఎర్ర మీట.
ఆపదొస్తే నొక్కాలి. అంతే.

నా తెర మీద కెపాసిటర్ అంటే ఒక వృత్తం,
పక్కన తెల్లటి అక్షరాల్లో దాని పేరు, సి పద్నాలుగు.
ఎత్తు లేదు. నీడ లేదు.
పదిహేనేళ్ళుగా చుక్కలూ గీతలే నా లోకం,
గీత గీతను తాకకుండా తిప్పుకు రావడమే పనితనం.

ఎక్స్‌పోర్ట్ నొక్కగానే
రాగి గీతలన్నీ ఈ గట్టునే ఉండిపోతాయి.
ఎందులో ఎన్ని వోల్టులో, ఏది గ్రౌండో,
ఏ మలుపు కోసం రెండు రాత్రులు మేలుకున్నానో
ఏదీ అవతలికి చేరదు.
చేరేవి దిమ్మలు, స్తంభాలు, నాలుగు చిల్లులు.
నేను రీసెట్ అన్నది అతనికి మిల్లీమీటరున్నర బెజ్జం.
అతను పక్కటెముక అన్నది నాకు
ఇక్కడ ఏదీ పెట్టకు అనే ఎర్ర చారల చతురస్రం.

ఒకసారి ఊరికే ఆ ఫైలుని అక్షరాలుగా తెరిచి చూశాను.
నాలుగువేల పన్నెండో వరుస ఒక అంచు,
అది మూడువేల తొమ్మిదివందల ఎనభైని చూడమంటుంది,
అక్కడో బిందువు, దశాంశం తర్వాత ఏడు అంకెలు.
ఒకరి వేలు ఒకరు పట్టుకుని చీకట్లో నడుస్తున్నట్టు
అంకెలు, అంకెలు.

ఆషాఢంలో మూత పడలేదు.
తెర మీద పట్టింది, చేతిలో పట్టలేదు.
"మీ సి పద్నాలుగు మా మూతని పొడిచీస్తంది.
పాయింటు ఎనిమిది."
చూస్తే దానికి నేను తగిలించిన బొమ్మ ఉత్త డబ్బా,
ఎవరో ఎప్పుడో ఎత్తు తెలీక అయిదని పెట్టి మర్చిపోయింది.
నేను పొట్టి కెపాసిటర్ వెతికాను,
అతను మూత లోపల గుంట తవ్వాడు,
ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే రాత్రి.
రెండు ఫైళ్ళూ మద్దిలపాలెంలో సిటీ బస్సుల్లా
ఎదురెదురుగా దాటిపోయాయి.
ఆ గుంట ఇప్పుడు ఖాళీ. అలాగే వదిలేశాం.

ఆ తర్వాతే సున్నా సంగతి మాట్లాడుకున్నాం.
మీదీ కాదు నాదీ కాదు,
యాంటెనా పక్క మరచిల్లు నట్టనడుమ.
ఎనిమిది నెలల్లో మేమిద్దరం కలిసిన మొదటి చోటు,
మూడు మిల్లీమీటర్ల వెడల్పు, లోపల ఏమీ లేదు.

హార్బరు జెట్టీ మీద మనిషిని మొదటిసారి చూశాను.
చెవి మీద పెన్సిలు, జేబులో వెర్నియర్.
పెట్టె మూసుకుంది. నాలుగు మరలూ దిగాయి.
ఎల్లాజీ అప్పుడే బుట్టలు దించి
నీళ్ళోడుతున్న చేత్తో ఎర్ర మీట నొక్కాడు.
నొక్కుతూనే ఉన్నాడు.
తాళ్ళు లాగి లాగి పలకబారిన బొటనవేలు
గుంట అంచు దగ్గరే ఆగిపోయింది.
"ఏటి బావూ, ఇది సిన్నపిల్లలదా?" అన్నాడు,
నవ్వకుండా.

నా ఫైల్లో వేలు లేదు. అతని ఫైల్లోనూ లేదు.

అప్పలకొండ వెర్నియర్ తీసి
ఆ వేలి పొడవు, వెడల్పు, మందం కొలిచి
తన అరచేతిలో రాసుకున్నాడు.

రాత్రి ఫైలొచ్చింది. పేరు, ఎల్లాజీ చివరిది రెండు.
తెరిస్తే బోర్డు కనపడలేదు.
తెర నిండా బూడిదరంగు గుట్ట.
వెనక్కి జరిగి, ఇంకా జరిగి చూస్తే, గోరు.
మిల్లీమీటర్లా అంగుళాలా అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది.
ఆరు సెంటీమీటర్ల వేలు అయిదడుగుల ఎత్తున,
సరిగ్గా నా అంత,
మేం ఒప్పుకున్న సున్నా మీద
నిటారుగా నిలబడి ఉంది.